రూక - రుచి - అభిప్రాయం: పూటకూళ్ళ ఇంటిని గురించి తెలుగు సాహిత్యం చెప్పిన సాక్ష్యం

తెలుగువారి సాంఘిక చరిత్రను వ్రాసినవారు ఏదో ఒక సందర్భంలో క్రీడాభిరామం దగ్గర ఆగక తప్పదు. అందులో ఓరుగల్లు నగరంలోని లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు లభించే భోజనాన్ని వర్ణించే పద్యం సుప్రసిద్ధం. కాకతీయుల కాలంలో పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవనడానికి దీనినే ప్రధాన సాక్ష్యంగా చూపడం మన పరిశోధనలో ఆనవాయితీ అయింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రకటించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కాకతీయ యుగ జీవితాన్ని నిర్మించడానికి ఈ కావ్యాన్ని విరివిగా వినియోగించుకున్నారు. రాజుల వంశావళికి బదులు ప్రజల తిండి, బట్ట, ఆట, పాట చరిత్ర కావాలని ఆయన పట్టిన పట్టుదలకు మనమందరం ఋణపడి ఉన్నాం. అయితే ఆయన తరువాత వచ్చినవారు ఆ పద్యాన్ని ఒక జాబితాగా మాత్రమే చదివారు. అది జాబితా కాదు. ఒక నగరంలో తిరుగుతున్న మనిషి ఒక భోజనశాలను గురించి చెప్పిన సొంత అభిప్రాయం. ఆ భేదాన్ని గుర్తిస్తే అదే పద్యం నుండి మరింత చరిత్ర లభిస్తుందన్నది ఈ వ్యాసంలో నేను చేయదలచిన ప్రతిపాదన.

భోజనాన్ని గురించి అభిప్రాయం చెప్పడం మన సంప్రదాయంలో అంత తేలిక విషయం కాదని మొదట గుర్తుంచుకోవాలి. అన్నాన్ని నిందించరాదన్నది తైత్తిరీయోపనిషత్తు విధించిన వ్రతం. అతిథి పెట్టినది తిని ఆశీర్వదించాలి. లోపమేదైనా ఉంటే దానిని చెప్పుకోవలసినది గృహస్థు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వేళగాని వేళ వచ్చిన వైష్ణవులకు వడ్డిస్తూ, కూరలు తక్కువైనాయని తానే సంకోచపడతాడు. తిన్నవారు ఏమనుకున్నారో శ్రీకృష్ణదేవరాయలు చెప్పడు, చెప్పవలసిన అవసరం లేదు. ఆతిథ్యంలో రుచి విచారణ అమర్యాద. సత్రంలోనూ అంతే. ధర్మానికి పెట్టినదానిలో ఉప్పు తక్కువైందనేవాడిని లోకం మెచ్చదు.

మరి నోరు విప్పి బాగుందనీ బాగులేదనీ అనే హక్కు ఎక్కడ మొదలవుతుంది? డబ్బు ఇచ్చిన చోట. పూటకూళ్ళ ఇల్లు అన్న మాటలోనే ఈ సంబంధం ఇమిడి ఉంది. ఒక పూట, ఆ పూటకు కూడు, దానికింత వెల. ‘కూడు’ అన్న పదం నేడు నీచార్థంలోకి జారిపోయింది గాని ప్రాచీన కావ్యభాషలో అది అన్నానికి సామాన్యవాచకమే. ‘కూడు’ దిగజారి, ‘భోజనం’ పైకెక్కి, ఇప్పుడు దాని స్థానంలోకి ‘మీల్స్’ వచ్చి కూర్చోవడం వేరొక వ్యాసానికి వస్తువు. ఇక్కడ మనకు కావలసినది ‘పూట’. అతిథికి లెక్క లేదు. పూటకూటివాడికి పూట లెక్క ఉంది. లెక్క ఉన్నచోట, ఇచ్చినదానికి తగినది దొరికిందా లేదా అన్న విచారణ తప్పదు.

ఈ దృష్టితో క్రీడాభిరామానికి తిరిగివద్దాం. ఇది వీథి అనే రూపకం. గోవింద మంచనశర్మ, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కనిపించినదానినల్లా వ్యాఖ్యానిస్తారు. వీథిలో పాత్రలు ఒకటి రెండే ఉంటాయి. ఎదుట లేనివారితో కూడా ఆకాశభాషితంగా మాట్లాడుతూ, ఒక మనిషి చూపులోంచి లోకమంతా రంగస్థలం మీదికి రావడం ఆ ప్రక్రియ లక్షణం. అంటే నగరాన్ని గురించి వ్యక్తిగతాభిప్రాయం చెప్పడం ఇక్కడ ప్రాసంగికం కాదు, ప్రక్రియకే ప్రాణం. కోడిపందాలు, పొట్టేళ్ళ పోట్లాటలు, పలనాటి వీరుల కథాగానం, ఏకవీరాదేవి, మాచల్దేవి ఇంటి చిత్రశాల - వీటన్నిటి సరసన పూటకూళ్ళ ఇల్లు కూడా ఒక మజిలీ. చూడదగినది ఏది, పోదగినది ఏది అని ఊరెరిగిన రసికుడు చెప్పే మాటలివి.

పద్యంలోని వంటకాలను వచనంలో చెప్పుకుంటే: కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన తీపి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవు నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుడు పదార్థాలు, గడ్డలు గడ్డలుగా ఉన్న పెరుగు. చివరికి ఇంటివాడి పేరు, ఆ తరువాత వెల. హన్మకొండలో విద్యార్థులు తినే మెస్సుల ముందు వ్రేలాడే పలకల క్రమం కూడా ఇదే. వంటకాలన్నీ చెప్పి చివర ధర. ఆ పలకకూ ఈ పద్యానికీ పోలిక అంతవరకే. పలక వ్రాసినవాడు అమ్మేవాడు. పద్యంలో మాట్లాడుతున్నవాడు తినేవాడు. ఆ సంగతి పద్యంలోని కొలతలే చెబుతాయి. లెక్కల పుస్తకంలోనైతే నంజుళ్ళు నాలుగో ఐదో స్పష్టంగా ఉండాలి. ‘నాలుగైదు’ అన్నది విస్తరి ముందు కూర్చున్నవాడి అంచనా. ‘గుప్పెడు’ అన్నది వడ్డించేవాడి చేతిని చూసి ఆనందించినవాడి కొలత. నెయ్యి పాతది కాదు, అప్పుడే కాచినదన్న వివరం మోసపోయిన అనుభవం ఉన్నవాడికే తడుతుంది. పాత నెయ్యి పోసే పూటకూళ్ళ ఇళ్ళు ఆ నగరంలో లేకపోతే ఈ మాటకు అందం లేదు. ఒక ఇంటిని మెచ్చుకోవడమంటే మెచ్చుకోని ఇళ్ళు మరికొన్ని ఉన్నట్లే. ఓరుగల్లులో పూటకూళ్ళ ఇళ్ళు ఒకటికంటె ఎక్కువ ఉండేవనీ, వాటి మధ్య ఎంపిక ఉండేదనీ నేను ఊహించడానికి ఆధారం ఈ మెచ్చుకోలే. జాబితాగా చదివినప్పుడు ఈ అంశం చేతికి అందదు.

అభిప్రాయంగా చదివితే మరొక జాగ్రత్త కూడా అలవడుతుంది. ఈ భోజనాన్ని కాకతీయ యుగంలో ఆంధ్రుల భోజనమనడం పొరపాటు. సామాన్యంగా అందరూ తినేదానిని ఎవరూ ఇంత ముచ్చటగా వర్ణించరు. సన్నబియ్యం, గోధుమ, పంచదార, ఆవునెయ్యి - ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మెట్టప్రాంతపు రైతుకు దినదిన భోజనం కాదు. జొన్న, సజ్జ, రాగి ఈ విస్తరిలో అడుగుపెట్టలేదు. మిరపకాయ ఉండడానికి వీలేలేదు, అది పోర్చుగీసువారి తరువాత వచ్చినది. పులుసు పేరు కూడా వినిపించదు. పట్నం వచ్చినవాడు ఊళ్ళో దొరకనిది తిని మురిసిపోయిన మురిపెం ఇది.

కాలం విషయంలోనూ చిక్కు ఉంది. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సుల్తానుల వశమైంది. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామం 15వ శతాబ్ది తొలిభాగపు రచన అని ఎక్కువమంది అభిప్రాయం. దీనికి మూలం రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం. అది నేడు లభించడం లేదు. మానవల్లి రామకృష్ణకవి వెలికితీసి ప్రకటించిన ఈ గ్రంథాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో పరిష్కరించి, ఇది శ్రీనాథుని రచన అని వాదించారు. కర్తృత్వ వివాదంలోకి నేను దిగడం లేదు. నాకు ముఖ్యమైన ప్రశ్న వేరు. లక్ష్మణవజ్ఝల ఇల్లు ప్రతాపరుద్రుని ఓరుగల్లులోనిదా, లేక నూరేళ్ళ తరువాతి కవి తాను తిన్న మరొక పట్టణపు భోజనాన్ని గతించిన రాజధానికి తరలించాడా? మూలం లేదు గనుక తేల్చలేం. కాని ఇంటిపేరుతో సహా చెప్పిన తీరు, వెల చెప్పిన తీరు, కల్పితమైనా సరే, శ్రోతలకు నమ్మదగినదిగా ఉండి తీరాలి. డబ్బిచ్చి కూడు తినడం, తిన్నదానిని తూచి చెప్పడం వారికి పరిచితమైన ప్రవర్తన అని మాత్రం నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఇంటిపేరు దగ్గర ఇంకొక్క క్షణం ఆగాలి. వజ్ఝల అన్న ఇంటిపేరు నేటికీ బ్రాహ్మణ కుటుంబాలలో ఉంది. మనుస్మృతి పదవ అధ్యాయం, బ్రదుకుతెరువు లేక వైశ్యవృత్తి చేపట్టిన బ్రాహ్మణుడు అమ్మకూడని వస్తువులను చెబుతూ వండిన అన్నాన్ని వాటిలో చేర్చింది. అన్నవిక్రయం దోషమన్న భావం తెలుగునాట నిన్నమొన్నటివరకూ బలంగానే ఉండేది. అయినా క్రీడాభిరామం ఈ వజ్ఝలవారిని ఎత్తిపొడవదు, జాలిపడదు, పేరు పెట్టి మెచ్చుకుంటుంది. శాస్త్రం ఒకటి చెప్పినప్పుడు పట్టణం మరొకటి చేసింది. వండేది బ్రాహ్మణుడైతే ఎక్కువమంది తినగలరన్న లెక్క ఆ వ్యాపారానికి మూలధనం. ఈ మూలధనం ఆ తరువాత అయిదు వందల ఏళ్ళు చెల్లుబాటయింది.

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులలో దీనికి ఎదురు పార్శ్వం కనబడుతుంది. చాటువులకు కర్తృత్వం నిర్ణయించడం కష్టం, అవి నోటి మీద బ్రతికినవి. కాని ఎవరు చెప్పినా తిండిని గూర్చిన కోపం నిజమైనది. పలనాటి రాళ్ళనూ నీళ్ళనూ సజ్జ జొన్న కూళ్ళనూ తేళ్ళతో కలిపి తిట్టిన పద్యం ఒకటి. పూతన పాలు త్రాగి దవాగ్నిని మ్రింగిన శ్రీకృష్ణుణ్ణి, జొన్నకూటితో చింతచిగురు బచ్చలికూర ఒక్క ముద్ద మ్రింగి చూపమని సవాలు చేసిన పద్యం మరొకటి. విజయనగర రాజధానిలో దర్శనానికి వేచి ఉన్న రోజులను చెప్పుకున్న పద్యం ఇంకొకటి. అందులో కుళ్ళాయి పెట్టుకోవలసి రావడం, వెల్లుల్లి కలిపిన తెలగపిండి తినవలసి రావడం, అంబలి త్రాగవలసి రావడం అన్నీ ఒకే అవమానపు మెట్లు. కన్నడ రాజ్యలక్ష్మికి కవి పెట్టుకున్న మొర అది.

ఈ చాటువులను హాస్యంగా చదివి నవ్వుకుంటాం. నేనూ నవ్వుకున్నాను. అయితే పలనాటి జొన్నకూడు అక్కడివారికి అవమానం కాదు, ఆహారం. కవి అభిప్రాయం భద్రంగా మనదాకా వచ్చింది. ఆ కూడు వండిన పలనాటి ఇల్లాలికి ఈ కవిని గురించి కలిగిన అభిప్రాయం రాలేదు. పైగా ఇక్కడ కవి వెల ఇచ్చి తిన్నాడని చాటువు చెప్పదు. డబ్బు ఇచ్చినచోట విమర్శ హక్కవుతుందని పైన అన్నాను. ఇవ్వనిచోట విమర్శించడానికి మరొక అధికారం కావాలి, అది పాండిత్యం నుంచో కులం నుంచో రాజాదరణ నుంచో రావాలి. శ్రీనాథుడికి మూడూ ఉన్నాయి.

అధికారం మరీ ఎక్కువైతే అభిప్రాయమే పుట్టదని ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చూపుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఈయన 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు పెద్ద పరివారంతో యాత్ర చేశాడు. ఆ గ్రంథం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకీ ఊరి నీళ్ళు, అంగళ్ళు, దిగడానికి వసతి, దొరికే సరుకులు శ్రద్ధగా నమోదు చేశాడు. ఊళ్ళను గురించి ఆయనకు అభిప్రాయాలు లేవని ఎవరూ అనలేరు. కాని ఆయన చూపు సరుకు దగ్గర ఆగుతుంది. బియ్యం దొరుకుతుందా అన్నది ప్రశ్న, అన్నం ఎలా ఉందన్నది కాదు. వంటవారిని వెంటబెట్టుకుని వెళ్ళేవాడికి ఊరివారి వంట అక్కరలేదు. ఆచారం గల సంపన్నుడు పరుల చేతి కూడు తినడు గనుక అతని యాత్రాచరిత్ర పూటకూళ్ళ ఇంటి చరిత్రకు అంతగా ఉపకరించదు. పూటకూళ్ళ ఇంటి చరిత్ర నడిమి మనుషుల చరిత్ర. వెంట వంటవాడిని తీసుకుపోలేనివారు, అయినా లోపలికి పోగలిగినవారు.

లోపలికి పోలేనివారి మాట ఏమిటి? దీనికి ప్రాచీన కావ్యాలు సమాధానం చెప్పవు. 20వ శతాబ్దిలో మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలలో కాఫీ హోటళ్ళు వెలసినప్పుడు వాటి గోడల మీద అక్షరాలే చెప్పాయి. ‘బ్రాహ్మణుల హోటలు’ అన్న పలకకు రెండు అర్థాలు: వండేది బ్రాహ్మణులు అన్నది ఒకటి, లోపలి గదిలో కూర్చునేది ఎవరన్నది రెండవది. రైల్వేస్టేషన్ల ఫలహారశాలలలో సైతం బ్రాహ్మణులకూ ఇతరులకూ వేరువేరు గదులుండేవి. లక్ష్మణవజ్ఝల మూలధనం అని నేను పైన అన్నది ఇదే. దాని వడ్డీ ఎవరు కట్టారో ఇక్కడ తెలుస్తుంది. చేతిలో రూక ఉండి కూడా విస్తరి దొరకని మనిషికి ఆ నెయ్యి అప్పుడే కాచినదో కాదో చెప్పే వీలు లేదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండంలో దుకాణాలను, భోజనశాలలను, హోటళ్ళను పేర్కొని మతం, జాతి, కులం, లింగం, పుట్టుక స్థలం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదన్నది. రాజ్యాంగం భోజనశాలను పేరు పెట్టి చెప్పవలసి రావడంలోనే అంతకుముందటి చరిత్ర ఉంది. ఆ తరువాత కూడా పల్లెల టీ దుకాణాలలో రెండు గ్లాసుల పద్ధతి కొనసాగిన సంగతి తెలిసినదే.

హైదరాబాదు ఇరానీ హోటలు ఈ కథలో కొంత భిన్నమైన చోటు. అక్కడ వంటవాడి కులం అమ్మకపు సరుకు కాలేదు. ఒక్క చాయ్ వెలకు ఎంతసేపైనా కూర్చునే వీలుండడంతో అభిప్రాయాలు తిండిని దాటి కవిత్వం మీదికీ రాజకీయాల మీదికీ పోయాయి. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలు పేరు మఖ్దూం మొహియుద్దీన్ తరం వారితో ముడిపడి ఉండడం యాదృచ్ఛికం కాదు. దీనిని ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది. ఉర్దూ ఆధారాలు చదవగలిగినవారు పూనుకుంటే మేలు.

ఇంతవరకు చెప్పినదంతా తినేవారి వైపు. వడ్డించిన చెయ్యి మాట మిగిలింది. పైన పేర్కొన్న విజయనగర చాటువులో ఆ తెలగపిండిని ‘విశ్వస్త’ వడ్డించిందని ఉంది. విశ్వస్త అంటే వితంతువు. కవి దృష్టిలో అది తన దురవస్థలో ఒక వివరం మాత్రమే. ఆమె ఎవరు, పరాయి ఊరివాడికి ఎందుకు వడ్డిస్తున్నది, అది ఆమె జీవనోపాధియా అన్న ప్రశ్న ఆ పద్యానికి లేదు. ఆ ప్రశ్నకు తెలుగు సాహిత్యం దాదాపు నాలుగున్నర శతాబ్దాల తరువాత, మరొక విజయనగరంలో, గురజాడ అప్పారావు చేతి మీదుగా స్థలమిచ్చింది.

కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో తిరిగి వెలువడింది. అందులోని పూటకూళ్ళమ్మ కొద్దిసేపే కనబడే పాత్ర. విమర్శకులు మధురవాణి మీద, గిరీశం మీద వ్రాసినదానిలో వందో వంతు ఆమె మీద వ్రాయలేదు. గిరీశం ఆమె ఇంట తింటూ, సంత సామాను కొనిపెడతానని 20 రూపాయలు పట్టుకుపోయి మధురవాణి మీద ఖర్చుపెట్టాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికే వస్తుంది. రంగస్థలం మీద నవ్వులు పుట్టించే ఘట్టం ఇది. నవ్వు తగ్గాక లెక్క చూడాలి. సంత సామాను అంటే పూటకూళ్ళ ఇంటికి రేపటి పెట్టుబడి. 20 రూపాయలంటే ఎన్ని పూటల కూడో, ఎంతమంది విస్తళ్ళో. వితంతువుకు ఆనాటి అగ్రవర్ణ సమాజం వదిలిపెట్టిన అతికొద్ది బ్రదుకుతెరువులలో వంట ఒకటి. అన్నవిక్రయ దోషం ఆమెకూ అంటుతుంది, దానిపైన శీలాన్ని గూర్చిన చెవులు కొరుక్కోవడమూ అంటుతుంది. ఈ రెండూ భరించి కూడబెట్టిన సొమ్మును ఇంగ్లీషు మాటలు వచ్చిన ఒక కుర్రవాడు తీసుకుపోయాడు.

క్రీడాభిరామం నుంచి వచ్చిన సంబంధం ఇక్కడ తిరగబడింది. అక్కడ తినేవాడు వెల చెల్లించి ఇంటిని తూచాడు. ఇక్కడ వెల చెల్లించనివాడిని ఇంటి యజమానురాలు తూస్తున్నది. పూటకూళ్ళ ఇంటిని గురించి గ్రాహకుడు చెప్పిన అభిప్రాయాలు తెలుగులో చాలా ఉన్నాయి. గ్రాహకుణ్ణి గురించి పూటకూళ్ళ ఇల్లు చెప్పిన అభిప్రాయం, నేను చదివినంతలో, ఇంత స్పష్టంగా మొదట వినిపించినది ఈ ఘట్టంలోనే. ఆమె వంట ఎలా ఉండేదో నాటకం చెప్పదు. గిరీశం దాని మీద ఏమీ అనడు. అనడానికి డబ్బు ఇచ్చి ఉండాలి.

ఒక్క విషయం మాత్రం గురజాడ కూడా ఇవ్వలేదు. ఓరుగల్లులో కూడు అమ్మిన పురుషుడి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క పద్యం ఆధారంగా ఆరు వందల ఏళ్ళుగా మనకు తెలుసు. విజయనగరంలో కూడు అమ్మిన స్త్రీ నాటకమంతటా వృత్తి పేరుతోనే పిలవబడుతుంది. పాత్రల పట్టికలో కూడా ఆమె పూటకూళ్ళమ్మే.